పాలపండ్ల కోడెలూ కొసరు గంటలూ

నంద్యాల మహానందయ్యకు జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే. అది తీరాలంటే నా నోరు కదలాలి. "మొదటి బహుమతి, నంద్యాల దాణా అంగడి మహానందయ్యగారి ఎడ్లు" అని నేను మైకులో చెప్పాలి, ఆ మాట హారన్లలోంచి తిరునాళ్ళంతా వినపడాలి. ఆయన పదవి అడగలేదు, సన్మానం అడగలేదు. ఈ ఒక్క వాక్యం కోసం ఆయన చేసిన బేరాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒక పక్క నవ్వు, ఒక పక్క కోపం వస్తాయి.

నా పేరు దావీదు. నాకు మైకు సెట్టు ఉంది. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల శివరాత్రికైనా క్రిస్మస్‌కైనా పెళ్ళికైనా ఎన్నికలకైనా వినిపించేది ఈ గొంతే. బండలాగుడు పోటీలుంటే మాత్రం సెట్టు అప్పజెప్పి ఇంటికి రాను, నేనే కూర్చుని చెబుతాను. ఇంకొకరి చేతికిస్తే మైకును వేలితో టకటకా కొడతారు. మైకును వేలితో కొట్టేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బండలాగుడు చూడనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఎడ్ల జతకు పెద్ద రాతిబండను కట్టి, సున్నంతో గీసిన బాటలో ఈ కొస నుంచి ఆ కొసకు లాగిస్తారు. కొసకు పోయాక తిప్పుకుని మళ్ళీ ఇటు లాగాలి. గడువులోపల ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. బాట దాటి పక్కకు పోతే అంతటితో ఆట ముగిసినట్టే. ఎడ్లకు నోట్లోని పండ్లను బట్టి తరగతులుంటాయి. పాలపండ్ల కోడెలు వేరు, రెండు పండ్లు వేసినవి వేరు, అట్లా పెరుగుతూ పోయి చివరికి పెద్ద ఎడ్లు. బడిలో పిల్లవాణ్ణి సిఫారసుతో పై తరగతికి తోయొచ్చు కానీ కోడెను తోయలేం, నోరు తెరిచి చూస్తారు.

మహానందయ్య అంగడి నంద్యాలలో బస్టాండుకు పోయే దారిలో ఉండేది. నూనె తీసిన శెనక్కాయ చెక్క, పత్తిగింజలు, తవుడు, ఉలవలు, పశువు తినేది ఏదైనా అక్కడ దొరికేది. చెక్కను చేత్తో విరిచి వాసన చూసి ఏ మిల్లుదో చెప్పేవాడు. తూకంలో మోసం లేదు. కొసరు కూడా లేదు. మా వైపు రైతు ఏది కొన్నా చివర్లో పిడికెడు కొసరు వేయించుకోకుండా అంగడి మెట్లు దిగడు, అది పుట్టుకతో వచ్చిన హక్కు. మహానందయ్య ముందు ఆ హక్కు చెల్లేది కాదు. "తూకం సరిగ్గా ఉన్నప్పుడు కొసరెందుకప్పా?" అనేవాడు. ఇంకొకరి అంగడికి పోతే మాత్రం ఆయన కొసరు లేకుండా కరివేపాకు కూడా తీసుకునేవాడు కాదు.

ఆయనకు ఒక కడుపుమంట ఉండేది. చుట్టుపక్కల పోటీల్లో గెలిచే ఎడ్లు చాలావరకు ఆయన చెక్క తిన్నవే. గెలిచిన రైతు మెడలో దండతో, తప్పెట్లతో, ఎడ్లను తోలుకుని అంగడి ముందు నుంచే పోయేవాడు. "చెక్క నాది, ఉలవలు నావి, పేరేమో వాళ్ళది" అని మహానందయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుని గొణుక్కునేవాడు. ఆ గొణుగుడు విని విని భార్య కన్యకమ్మకు కంఠతా వచ్చేసింది.

తొంభై ఆరులో అనుకుంటా, ఒక మధ్యాహ్నం ఆయన పనిగట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"దావీదూ, నా పేరు ఒకసారి చెప్పు."

"ఎందుకన్నా?"

"చెప్పప్పా."

"మహానందయ్య."

"అట్ల కాదు. 'మహా' దగ్గర కొంచెం నిలపల్ల. మహా... నందయ్య. నువ్వు బస్సు కండక్టరు కేకేసినట్టు చెప్తాండావ్."

నేను నిలిపి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. అప్పటికి ఆయన ఇంట్లో ఎద్దు కాదు గదా, ఎద్దు తోక కూడా లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

కోడెలు వచ్చింది కన్యకమ్మ వల్ల. పాల కోసం ఆమె ఒక ఆవును పెట్టుకుంది. అది కోడెదూడను ఈనింది. అదే నెలలో చాగలమర్రి నుంచి దాణాకు వచ్చిన ఒక రైతు, తల్లి చచ్చిపోయిన దూడ ఒకటి ఉందని, బతికేట్టు లేదని చెప్పాడు. కన్యకమ్మ దాన్ని తెప్పించుకుంది. సీసాతో పాలు తాగించి, ఎండకు గోనెపట్ట కప్పి బతికించింది. ఆవు దూడ ఎప్పుడూ ముందు తినేది. రెండోది అది తినేదాకా ఆగి తర్వాత మూతి పెట్టేది. అందుకని ఆమె మొదటిదానికి 'శెట్టి' అని, రెండోదానికి 'గుమాస్తా' అని పేర్లు పెట్టింది. ఊరంతా శెట్టి అని పిలిచే మహానందయ్యకు ఆ పేర్లు నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణం ఏమిటో ఆయన చెప్పలేకపోయాడు.

ఇంటి వెనక ఖాళీ జాగా పొడుగ్గా ఉండేది. కన్యకమ్మ దాణా గంప పట్టుకుని ఆ చివర నిలబడి, "అంగడి తీసినా, రాండప్పా" అని పిలిచేది. రెండూ పరుగెత్తి పోయేవి. ఆటకని వాటి మెడకు చిన్న మొద్దు కడితే మొద్దుతో పరుగెత్తాయి. పెద్ద మొద్దు కడితే పెద్ద మొద్దుతో పరుగెత్తాయి. బండ కడితే బండను ఈడ్చుకుంటూ పోయి గంపలో మూతులు పెట్టాయి. వాటికి తాము బండ లాగుతున్నామని తెలియదు, అన్నానికి పోతున్నామనే తెలుసు. కన్యకమ్మకూ తాను పందెపు కోడెలను తయారు చేస్తున్నానని తెలియదు. గోడ మీద నుంచి చూస్తున్న మహానందయ్యకు మాత్రం హారన్లు మోగడం వినపడింది.

తొంభై ఎనిమిదిలో ఆళ్ళగడ్డ తిరునాళ్ళకు వాటిని పాలపండ్ల విభాగంలో దించాడు. తోలడానికి ఇద్దరిని మాట్లాడుకున్నాడు. కన్యకమ్మను కూడా తీసుకొచ్చాడు. ఆమె బాట మధ్యలో తాడు పక్కన ఆడవాళ్ళతో కూర్చుంది. కోడెలు బ్రహ్మాండంగా బయలుదేరాయి. నేను గొంతు పెంచాను. సరిగ్గా ఆమె ఎదురుగా వచ్చేటప్పటికి పక్కనున్న ఒకామె అడిగింది, "వాటిని ఎట్ల పిలుస్తావమ్మా?" అని. కన్యకమ్మ అమాయకంగా పిలిచి చూపించింది.

శెట్టి, గుమాస్తా రెండూ ఒక్కసారి పక్కకు తిరిగాయి. పగ్గాలు పట్టుకున్న ఇద్దరు మగాళ్ళతో సహా, బండతో సహా, సున్నపు గీత దాటి, పక్కనున్న దుక్కిలో దిగబడుతూ వచ్చి ఆమె ఒడిలో మూతులు పెట్టాయి. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని తలో దిక్కు పరుగెత్తారు. నేను మైకులో, "నంద్యాల కోడెలు భోజన విరామం తీసుకున్నాయి" అన్నాను. తిరునాళ్ళంతా నవ్వింది. మహానందయ్య కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆ రోజు నవ్వనివాడు ఒకడున్నాడు. ఆళ్ళగడ్డ దగ్గర పల్లె ఓబయ్య, పెద్ద ఎడ్ల పందెంలో ఆ ఏడు మొదటి బహుమతి కొట్టిన మనిషి. ఆయన దుక్కిలోకి దిగి, బండ పోయిన జాడను కాలితో కొలిచినట్టు తొక్కి చూశాడు. మెత్తటి మట్టిలో పాలపండ్ల కోడెలు అంత బరువు లాగిన జాడ అది. బీడీ ముట్టించుకుని వెళ్ళిపోయాడు.

మహానందయ్యకు ఆ జాడ కనపడలేదు, నవ్వు ఒక్కటే వినపడింది. ఇవి ఇంటికి అలవాటుపడిన పెంపుడు దూడలని, పందేనికి పనికిరావని తేల్చేశాడు. తర్వాతి తిరునాళ్ళ దగ్గరపడుతుండగా, పాణ్యంలో చెల్లెలి బిడ్డ పెళ్ళని కన్యకమ్మ పుట్టింటికి వెళ్ళింది. ఆమె ఎక్కిన బస్సు మలుపు తిరిగిందో లేదో, ఆయన కోడెలను లారీ ఎక్కించి ఓబయ్య పల్లెకు బయలుదేరాడు. దారిలో ఒక పెళ్ళింట్లో మైకు సెట్టు విప్పి తెచ్చుకోవడానికి పోతున్న నేనూ అదే లారీలో ఉన్నాను.

బేరం ఓబయ్య కొట్టం ముందు జరిగింది. ఓబయ్య పెద్ద ఎడ్ల జత గంటలు కట్టుకుని గంభీరంగా నెమరు వేస్తూ ఉంది.

"నా కోడెలు నీకు, నీ ఎడ్లు నాకు" అన్నాడు మహానందయ్య.

ఓబయ్య కోడెల నోళ్ళు తెరిచి చూశాడు. "శెట్టీ, ఇవి ఇంకా పండ్లు ఏయలా. నాలుగేండ్లు ఆగు. వీటి ముందర నిలబడే జత ఈ తట్టు ఉండదు."

"నాలుగేండ్లు ఎవురాగుతారప్పా?"

"నా ఎడ్లు ముసిలివైనాయి. ఈ తిరునాళ్ళ లాగుతాయి. మల్ల తిరునాళ్ళకు నేను మాటియ్యలేను."

"నాకు ఈ తిరునాళ్ళే కావల్ల."

ఓబయ్య నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. అమ్మేవాడు తన సరుకు మంచిదంటాడు, కొనేవాడు అది చెడ్డదంటాడు, లోకమంతా బేరం ఇట్లాగే నడుస్తుంది. ఇక్కడ మాత్రం ఓబయ్య తన ఎడ్లను తానే తక్కువ చేసుకుంటుంటే, మహానందయ్య తన కోడెలను తానే తక్కువ చేసుకుంటున్నాడు. చివరికి ఓబయ్య, "నీ ఇష్టం. చెప్పలేదని మల్ల అనగూడదు" అన్నాడు.

అప్పుడు మహానందయ్యలోని వ్యాపారి లేచాడు. "కొసరేమిస్తావ్?" అన్నాడు.

"కొసరా?"

"ఆ గంటలు."

ఓబయ్య నవ్వు ఆపుకుని, ఎడ్ల మెడల్లోని గంటలు కూడా ఇచ్చేశాడు. తిరుగు ప్రయాణంలో ఎడ్లు లారీ వెనక నిలబడితే మహానందయ్య గంటలు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. "చూసినావా దావీదూ, గంటలు ఊరకే వచ్చినాయి" అన్నాడు. బేరమంతా తానే గెలిచినట్టు ఆయన ముఖం వెలిగిపోతోంది.

కన్యకమ్మ పెళ్ళి నుంచి వచ్చినప్పుడు నేను మా బర్రెకు తవుడు కోసం అంగడి దగ్గరే ఉన్నాను. ఆమె సంచి దించి, చేతులైనా కడుక్కోకుండా గంప తీసుకుని వెనక్కు పోయింది. "అంగడి తీసినా, రాండప్పా" అన్న పిలుపు వినపడింది. మళ్ళీ వినపడింది. తర్వాత ఏమీ వినపడలేదు. తొంగి చూస్తే, రెండు ముసలి ఎడ్లు కొట్టంలో నిలబడి ఈమె ఎవరన్నట్టు చూస్తున్నాయి. ఆమె గంప కింద పెట్టి దాని పక్కనే కూలబడింది.

"యాడికి పంపిస్తివి?" అని అడిగింది మొగుణ్ణి.

"ఓబయ్య దగ్గర ఉండాయిలే. బాగానే ఉంటాయి. ఈ తిరునాళ్ళ గెలిస్తే నీకే తెలుస్తాది."

"వాటికి నేను పోయొస్తానని చెప్పి పోయినా. ఇప్పుడు ఏమనుకుంటాంటాయో" అంది. మహానందయ్య, ఎద్దులు ఏమీ అనుకోవని చెప్పాడు. ఆమె గంపలోని దాణాను ఆ ముసలి ఎడ్ల ముందు పోసి లోపలికి పోయింది. నాకు ఆ రోజు ఆయన మీద నిజంగానే అసహ్యం వేసింది.

ఇక ముసలి ఎడ్ల సంగతి. ఎవరైనా పందెపు ఎడ్లను పొలంలో తిప్పుతారు, ఇసుకలో లాగిస్తారు, చెరువులో ఈదిస్తారు. మహానందయ్య వాటిని అంగడి ముందు కట్టేశాడు. అక్కడ కొత్తగా బేతంచెర్ల బండలు పరిపించాడు, ఎడ్లు వాటి మీద పెళ్ళికొడుకుల్లా నిలబడ్డాయి. "మా చెక్క తినే ఎడ్లు ఇట్ల ఉంటాయి" అని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. జన్మలో కొసరు వేయని మనిషి, ఒక కొత్త పద్ధతి పెట్టాడు. దాణా కొన్న ప్రతి రైతూ ఒక పిడికెడు తీసుకుని ఎడ్ల నోటికి పెట్టొచ్చు. రైతులకు అది సరదా అయిపోయింది. ఎడ్లు నున్నగా, గుండ్రంగా తయారయ్యాయి. వాపును చూసి బలుపనుకున్నాడు మహానందయ్య. వ్యాపారం మాత్రం పెరిగింది, అది నిజం.

తిరునాళ్ళ వచ్చింది. నేను పేరు పలికేటప్పుడు 'మహా' దగ్గర నిలిపాను. ఎడ్లు బాటలోకి వచ్చాయి, బండ కదిలింది. పది బారలు పోయాయో లేదో, తాడు పక్కన కండువా భుజాన వేసుకున్న రైతు ఒకడు ముందుకు వంగాడు. ఎడ్లు ఠక్కున ఆగి, మెడలు చాచి, అతని చేతిలో ఏముందో చూశాయి. తోలేవాళ్ళు అదిలించారు, కదిలాయి. ఇంకో కండువా కనపడింది, మళ్ళీ ఆగాయి. తిరునాళ్ళలో కండువా లేని రైతు ఎక్కడుంటాడు? బాట పొడుగునా ఒక్కొక్కరినే పలకరిస్తూ, ఓట్లకు వచ్చినవాళ్ళలా ఆగి ఆగి నడిచాయి. అందరికంటే చివరి స్థానంలో నిలిచాయి.

ఓబయ్య తాడు దాటి వచ్చి తన పాత ఎడ్ల గంగడోలు నిమిరాడు. "ఒక్క ఏడన్నా లాగుతాయనుకుంటి. అడుక్కతినేవాటిని చేస్తివి గదప్పా" అన్నాడు. అదే రోజు ఆయన శెట్టినీ గుమాస్తానూ పాలపండ్ల విభాగంలో దించి రెండో బహుమతి పట్టుకుపోయాడు. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె అన్నట్టయింది మహానందయ్య పని. గంటలు మాత్రం మిగిలాయి. వాటిని తీసుకెళ్ళి అంగడి తలుపుకు వేలాడదీశాడు.

ఇంత జరిగాక ఎవరైనా బుద్ధి తెచ్చుకుంటారు. మహానందయ్య ఎడ్లను అంగడి ముందు కట్టకూడదన్న బుద్ధి ఒక్కటే తెచ్చుకున్నాడు. ఆ ముసలి జతకు ఇంట్లో పాల ఆవును కూడా జోడించి ఇచ్చి ఇంకెవరివో నాలుగు పండ్ల కోడెలు తెచ్చాడు. వాటికి ఆరు పండ్లు పడేలోపల వాటినిచ్చి ఇంకో ముసలి జతను తెచ్చాడు. ప్రతి ఏడూ ఒకటే మాట, "నాకు ఈ తిరునాళ్ళే కావల్ల." ఆయన కొట్టంలో ఏ కోడే పండ్లన్నీ వేసేదాకా ఉండలేదు. కన్యకమ్మ వాటికి పేర్లు పెట్టడం మానేసింది. మేత వేసేది, నీళ్ళు పెట్టేది, పిలిచేది కాదు.

అవతల ఓబయ్య ఏ బేరమూ చేయకుండా కూర్చున్నాడు. శెట్టి, గుమాస్తా రెండు పండ్లు వేశాయి, నాలుగు వేశాయి, ఆరు వేశాయి. ప్రతి ఏడూ ఒక్కో తరగతి పాసవుతూ పోయాయి. ఆ పేర్లు నేను మైకులో చెప్పినప్పుడల్లా, జనంలో ఎక్కడో మహానందయ్య పక్కన కూర్చున్న కన్యకమ్మ తల దించుకునేది. ఆమె ప్రతి తిరునాళ్ళకూ వచ్చేది. ఒక్కసారి కూడా నోరు విప్పేది కాదు. పిలుపు పొరపాటున బయటికొస్తుందేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది.

రెండు వేల మూడులో ఆ రెండూ పెద్ద ఎడ్ల విభాగంలోకి వచ్చాయి. ఆ ఏడు మహానందయ్య చివరి ఎత్తు వేశాడు. ఎడ్లు కొనలేదు, మార్చుకోలేదు. చాగలమర్రి అవతలి నుంచి సుబ్బయ్య అనే ఆసామిని, ఆయన జతతో, ఆయన తోలేవాళ్ళతో, ఆయన మోకులతో సహా ఆ ఒక్క రోజుకు మాట్లాడుకున్నాడు. ఎడ్లు సుబ్బయ్యవి, మనుషులు సుబ్బయ్యవాళ్ళు, బహుమతి కూడా సుబ్బయ్యకే. పేరు ఒక్కటే మహానందయ్యది. పొద్దున్నే నా దగ్గరకొచ్చి చెవిలో చెప్పాడు.

"దావీదూ, జత బాటలోకి వచ్చినప్పుడు ఎవురి పేరూ చెప్పొద్దు. నంద్యాల జత అను, చాలు. మొదటిదొస్తే నా పేరు చెప్పు. రాకపోతే సుబ్బయ్య పేరు చెప్పు."

"సుబ్బయ్య ఒప్పుకున్యాడా?"

"ఒప్పుకున్యాడు. నేను మాటకు నిలబడేవాణ్ణి, నువ్వూ నిలబడల్ల."

నిలబడతానని మాటిచ్చాను. ఓడితే అవమానం ఇంకొకడికి, గెలిస్తే పేరు తనకు. ఇంతటి బేరం ఆయన జన్మలో చేయలేదు.

ఆ జత నిజంగా లాగింది. సుబ్బయ్య ఎడ్లు ఎండను లెక్కచేయకుండా లాగి, అందరినీ దాటి, ఆగిన చోట సున్నపు గుర్తు వేయించుకున్నాయి. ఇక మిగిలింది ఓబయ్య జత ఒక్కటే. మహానందయ్య కండువా సర్దుకుని, నా బల్లకు దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. నా గొంతులో 'మహా' ఎక్కడ నిలపాలో చేత్తో సైగ చేసి మరీ చూపించాడు.

ఓబయ్య జత బయలుదేరింది. శెట్టి ఎడమ పక్క, గుమాస్తా కుడి పక్క. పోయాయి, తిరిగాయి, వచ్చాయి. చివరి పరుగు మిగిలింది. సుబ్బయ్య ఎడ్ల గుర్తు ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగా, బాట మధ్య దాటిన చోట రెండూ నిలిచిపోయాయి. నోటి వెంట నురుగు కారుతోంది. ఓబయ్య వాటిని కొట్టే మనిషి కాదు. పక్కన నిలబడి మాటలతో బతిమాలుతున్నాడు. గడువు దగ్గరపడింది.

మహానందయ్య నా దగ్గర నుంచి పరుగు లాంటి నడకతో వెళ్ళి భార్య పక్కన వంగాడు. ఆమె తాడు పక్కన, ఎడ్లకు సరిగ్గా పక్కగా కూర్చుని ఉంది, అయిదేళ్ళ కిందట కూర్చున్నట్టే.

"కన్యకా, ఒక్కసారి పిలువు. ఆ పొద్దు పిలిచినట్టే. ఇటు తిరుగుతాయి, గీత దాటుతాయి, అయిపోతాది. బేగా పిలువు."

కన్యకమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది.

"పిలుస్తా" అని లేచింది.

లేచి, జనం వెనకగా బాట కొసకు నడవడం మొదలుపెట్టింది. మహానందయ్య వెంటపడ్డాడు. "ఆడికెందుకే? ఈడ్నుంచే పిలువు."

"వాటిని ఎప్పుడూ ఎదురుగా నిలబడే పిలిచినా. పక్కనుంచి పిలిచింది ఒక్కసారే. అది నా తెలివితక్కువ" అంది ఆమె, నడక ఆపకుండా. "పోయొస్తానని చెప్పి పోయినా, మల్ల పిలిచింది లేదు. ఆటికి ఒక పిలుపు బాకీ ఉండా."

బాట కొసన తాడు అవతల నిలబడింది. తాడు అవతల నుంచి ఎవరైనా ఎంతైనా అరవొచ్చు, అది తిరునాళ్ళ పద్ధతి. నాకేమనిపించిందో, మైకు ఆపేశాను. ఇన్నేళ్ళలో పందెం మధ్యలో నేను నోరు మూసుకోవడం అదే మొదలు. జనం కూడా ఎందుకో సద్దుమణిగారు.

"అంగడి తీసినా, రాండప్పా."

పెద్దగా కూడా పిలవలేదు. గుమాస్తా చెవులు ముందు నిక్కాయి. శెట్టి తల ఎత్తింది. ఓబయ్య పగ్గం వదిలేసి పక్కకు తప్పుకున్నాడు. నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను, లేకపోతే నేనూ నమ్మను. రెండూ ముందరి కాళ్ళు మడిచి, మోకాళ్ళు నేలకు తగిలేట్టు వంగి లాగాయి. బండ కదిలింది. సుబ్బయ్య ఎడ్ల గుర్తు బండ కింద పడి కనపడకుండా పోయింది. అంతటితో ఆగలేదు. గడువు అయిపోయిందని కమిటీవాళ్ళు ఈల వేసినా ఆగలేదు. కొసదాకా లాక్కుంటూ పోయి, తాడు మీదుగా ఆమె గుండెలకు మూతులు ఆనించాయి. ఆమె కొంగు ముడి విప్పింది. దాంట్లో శెనక్కాయ చెక్క ముక్కలున్నాయి. శెట్టి ముందు తినింది. గుమాస్తా అది తినేదాకా ఆగింది. కన్యకమ్మ వాటి మెడల మధ్య తల పెట్టి ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు.

నా పక్కకు తిరిగొచ్చిన మహానందయ్య అటే చూస్తూ, "చెక్క మనదే" అన్నాడు. అలవాటుగా వచ్చిన మాట అది.

ఓబయ్య బల్ల దగ్గరకొచ్చాడు. ఆయనకు మైకంటే భయం, ఎప్పుడూ దానికి దూరంగానే ఉంటాడు. ఆ రోజు మాత్రం దాని మీదికి వంగి నాతో చెప్పాడు. "దావీదూ, నా పేరు చెప్పినాక ఆయమ్మ పేరు గూడా చెప్పల్ల. సాకింది ఆయమ్మ."

నేను మైకు అందుకున్నాను. "మొదటి బహుమతి, ఓబయ్యగారి ఎడ్లు. ఈ ఎడ్లను దూడలప్పటి నుంచి సాకినవారు నంద్యాల దాణా అంగడి కన్యకమ్మగారు." ఎక్కడ నిలపాలో ఎవరూ నేర్పకుండానే 'కన్యకమ్మ' దగ్గర నిలిపాను. హారన్లు ఆ మాటను తిరునాళ్ళంతా చల్లాయి. తర్వాత, "రెండో బహుమతి, సుబ్బయ్యగారి ఎడ్లు" అన్నాను. మాటిచ్చినవాణ్ణి కదా, నిలబడ్డాను.

జనం పలచబడ్డాక నేను వైర్లు చుట్టుకుంటుంటే మహానందయ్య వచ్చాడు.

"దావీదూ, అంగడి పేరు చెప్తివి, ఆమె పేరు చెప్తివి. అంగడి ఎవురిదో చెప్పల్ల గదప్పా. ఇంటాయన ఒకడుండాడు గదా."

"అన్నా," అన్నాను, "ఎద్దు ఎవురిదో వాళ్ళ పేరు చెప్తాం. ఈపొద్దు సాకినాయమ్మ పేరు గూడా చెప్పినాం. మార్చుకున్నాయన పేరు చెప్పే పద్ధతి ఏ తిరునాళ్ళలోనూ లేదు."

ఆయన చేయి చాచి, మైకును వేలితో టకటకా రెండుసార్లు కొట్టాడు. నాకు ఒళ్ళు మండలేదు. అప్పటికే నేను దాని వైరు పీకేసి ఉన్నాను.